ముడి లేని తాడు

"నీళ్ళ కుండలో సొరబుర్ర వదిలేసింది ఎవరు?" అని తురామ అడిగింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే, అత్తా కోడలూ. అడగడంలోనే జవాబు ఉంది.

"నేనే అత్తా. మళ్ళీ ముంచాలి కదా అని ఉంచాను" అంది ఉతియామ.

"ముంచిన ప్రతిసారీ మేకుకు తగిలించాలి. నానితే సొరబుర్ర అడుగు మెత్తబడుతుంది."

"నిన్న నువ్వూ వదిలేశావు. నేనే తీసి తగిలించాను."

"నేనా? ఈ కుండ దగ్గర నేను నిలబడటం మొదలుపెట్టేటప్పటికి నువ్వు పుట్టనైనా లేదు."

ఉతియామ బుర్రను బయటికి తీసి, నీళ్ళు విదిలించి, మేకుకు తగిలించింది. అది నిలవలేదు. జారి నేలమీద పడి పొయ్యి దాకా దొర్లింది.

"విసిరికొట్టు. బాగుంది."

"విసరలేదు. పడింది."

"నీ దగ్గర అన్నీ వాటంతటవే పడతాయి. వాడి బుట్ట కూడా దానంతటదే ఖాళీ అయింది."

ఉతియామ వంగి బుర్ర తీసుకుంది. పొద్దుటి నుంచి ఇద్దరూ ఈ మాట చుట్టూనే తిరుగుతున్నారు.

ఆమె భర్త షౌరెమె మొన్ననే వీరికుత ఎడారి నుంచి తిరిగి వచ్చాడు. ముఖం మీద యాత్రకు పూసుకున్న పచ్చరంగు ఇంకా పూర్తిగా పోలేదు. తోటివాళ్ళ బుట్టల్లో అడుగునైనా హికురి ఉంది, ఆ ఎడారి నేలలో మొలిచే, మేం దేవుడిగా కొలిచే ముళ్ళులేని చిన్న జెముడు. అతని బుట్టలో పొడి మట్టి తప్ప ఏమీ లేదు. గుడి గిన్నె మోసే సేవలో అతనికి ఇది ఐదో ఏడు, ఆఖరిది. వానలకు ముందు జరిగే పండుగ ఆటలో తన వంతు హికురి నూరి అందరికీ పంచితేనే గిన్నె తరువాతివాడికి ఇచ్చి దించుకోవాలి. పంచలేకపోతే సేవ తీరనట్టే. అటువంటి ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినా, చేలో మొక్కజొన్న మాడిపోయినా మా కొండల్లో అందరూ ఆ గిన్నె వైపే చూస్తారు.

యాత్ర నడిపించిన మరాకమె, అంటే మా పాటగాడూ వైద్యుడూ పూజారీ అయిన పెద్దాయన, ఒకే మాట అన్నాడు: ఎవరో ముడి దాచారు.

యాత్ర బయలుదేరే ముందు అందరం అగ్నితాత చుట్టూ కూర్చుంటాం. వెళ్ళేవాళ్ళూ, ఇంటిదగ్గర నిప్పు కాపాడేవాళ్ళూ కూడా. పెళ్ళాడిన మనిషి కాక ఇంకెవరితో పడుకున్నా, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముడి చొప్పున ఈతనార తాడుకు వేసి, పేరు పైకి చెప్పి, తాడు నిప్పులో వేస్తాం. మొగుడైనా పెళ్ళామైనా ఆ పేరు పట్టుకుని కోప్పడకూడదు. కాలిపోయింది కాలిపోయినట్టే. హికురి మొలిచేది జింకన్న దేవుడి అడుగుల్లోనే; దాచినవాళ్ళుంటే ఆయన జాడలు చెరిపేసుకుంటాడు, హికురి కనిపించదు.

ఆ రోజు షౌరెమె తాడుకు చాలా ముడులు ఉన్నాయి. చెప్పిన పేర్లలో ఒకటి ఉతియామ చిన్నమ్మ కూతురిది. అందరితోపాటు ఉతియామ కూడా నవ్వింది. తన వంతు వచ్చినప్పుడు నున్నటి తాడు నిప్పులో వేసింది. "ఈ వయసులో ఒక్క ముడీ లేదా, పాపం" అని ఆడవాళ్ళు ఏడిపించారు. అప్పుడు అది హాస్యం. ఇప్పుడు అదే సాక్ష్యం. షౌరెమె అన్నీ చెప్పాడు, అందరూ విన్నారు. మరి బుట్ట ఖాళీ ఎందుకయింది? రేపు పొద్దున ఉతియామను మళ్ళీ నిప్పు ముందుకు రమ్మన్నారు.

తురామ గొంతు తగ్గించింది. "చూడవే, నిన్ను ఎవరూ ఏమీ అనరు. నేను మా ఆయన పక్కనే కూర్చుని చెప్పానమ్మా, ముసలిదాన్నయ్యాక కూడా. ఒక్క పేరు. వాడి ఐదేళ్ళు నీ నోట్లో ఉన్నాయి."

"లేనిది ఎక్కడి నుంచి తేను అత్తా?"

"తాడు నున్నగా ఉందంటే నేను నమ్మినా నిప్పు నమ్మాలి కదా."

ఉతియామ కట్టెల కోసమని తాడూ కత్తీ తీసుకుని బయటపడింది. దారంతా తనలో తాను వెతుక్కుంది. మనుషులెవరూ దొరకలేదు. చిన్నమ్మ కూతురి పేరు విన్నప్పుడు నవ్వింది నోరే, ఆ పేరు లోపలెక్కడో ఉండిపోయిందేమో. కోపం కూడా ముడేనా అని ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు.

పొగాకు బుర్ర మోసుకుంటూ యాత్రలో నడిచిన ముసలి కతరీనో తన ఇంటి గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు.

"ఏం కోడలా, ముడి దొరికిందా?"

"నువ్వు కూడానా పెద్దయ్యా."

"నాకైతే పేర్లు గుర్తురాక ఆగిపోతే మా ముసలిది పక్కనుంచి అందించింది. 'నీటిబుగ్గ దగ్గర దొరికినదాన్ని మర్చిపోయావు' అని. అంత ముచ్చటైన కాపురం మాది."

ఉతియామ నవ్వలేదు. "అక్కడ ఆయన ఎక్కడ వెతికాడు?" అని అడిగింది.

కతరీనో సూది ఆపాడు. "మీ మామ బతికుండగా చూపించిన చోటే. దిగువన, ముళ్ళపొదల్లో. మేమంతా గుట్ట ఎక్కాం. పొద్దు వాలినా రాకపోతే నేనే వెళ్ళి పిలిచాను. గట్టు మీద కూర్చుని ఉన్నాడు."

"వెతకడం లేదా?"

"వెతకడానికి పొదలేవీ? దూరం నుంచి తెల్లగా కనిపిస్తే నీళ్ళనుకున్నాను. దగ్గరికెళ్తే ప్లాస్టిక్ గుడ్డ. చూపు ఆనినంత మేరా అదే. దాని కింద టమాటా మొక్కలు. గట్టు పక్కన గుంటలు. మనం పైన కోసి వేరు మట్టిలో వదిలేస్తాం కదా, మళ్ళీ మొలవడానికి. ఆ గుంటల్లో వేరు లేదు. నాగలి తిరిగింది."

"ఈ మాట మరాకమెకు చెప్పలేదా?"

"అక్కడ మేం అన్నీ తిరగేసి మాట్లాడతాం. సూర్యుణ్ణి చంద్రుడంటాం. హికురి లేదంటే, బోలెడుంది కాబోలు అని నవ్వుతారు." అని, తలెత్తకుండానే అన్నాడు: "ముడి అయితే కాల్చొచ్చు కోడలా. దాన్నేం చేస్తాం?"

పొద్దుగూకేవేళకు ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఆట అయ్యేదాకా ఉప్పు ముట్టరు కనుక చిక్కుడుగింజలు చప్పగానే ఉన్నాయి. తురామ పెనం మీద రొట్టె తిప్పుతోంది.

"రేపు పొద్దున్నే వెళ్ళాలి" అంది తురామ, ఎవరితోనూ కాకుండా.

షౌరెమె రొట్టె వైపు చూస్తూ అన్నాడు. "ఒక్క పేరు చాలు. ఎవరిదైనా సరే. నేను అన్నన్ని చెప్పాను, నువ్వేమైనా అన్నావా? నేనూ ఏమీ అనను."

"సరే, చెబుతాను" అంది ఉతియామ. తురామ చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. "పేరు మాత్రం నువ్వే ఇవ్వు. నాకు ఎవరూ తోచడం లేదు."

షౌరెమె రొట్టె తుంచాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. చివరికి తురామే అంది, "దారాలమ్ముకునేవాడు ఉన్నాడుగా. మనవాడూ కాదు."

"వాడికి పళ్ళు కూడా లేవత్తా."

"పేరుకు పళ్ళెందుకే."

ఉతియామ భర్త వైపు తిరిగింది. "దారాలవాడి పేరు నిప్పులో వేస్తే ఆ టమాటా తోట కాలుతుందా?"

"ఏ తోట?" అంది తురామ.

రొట్టె మాడిన వాసన వచ్చింది. తురామ దాన్ని తియ్యలేదు. "ఏ తోటరా?" అని మళ్ళీ అడిగింది, కొడుకును.

షౌరెమె చెప్పాడు. తండ్రి తనను మొదటి యాత్రలో, కొత్తవాళ్ళందరికీ కట్టినట్టే కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళి గంతలు విప్పిన చోటు అది. ఇప్పుడు అక్కడ ఏ పొద దగ్గర గంతలు విప్పాడో కూడా గుర్తుపట్టలేనని చెప్పాడు. పైపుల్లో నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదన్నాడు. "ఆమె ముడి దాచిందంటే నాకు ఊపిరి ఆడింది. ముడి అయితే వచ్చే ఏడు దొరుకుతుంది కదా."

తురామ మాడిన రొట్టెను చేత్తోనే తీసి పక్కన పెట్టింది. వేళ్ళు కాలినట్టు ఆమె ముఖంలో ఎక్కడా తెలియలేదు. "ఇది పదిమందిలో అంటే వచ్చే ఏడు ఎవరు నడుస్తారురా? కుర్రవాళ్ళు అసలే సాకు కోసం చూస్తున్నారు. పాట ఆగిపోతుంది. నీ గిన్నె ఎవరూ అందుకోరు."

"అందుకోరు."

"తెలిసే అంటున్నావా?"

షౌరెమె చేతులు దులుపుకున్నాడు. తల్లినీ భార్యనీ ఒకసారి చూసి, తరువాత నిప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఉతియామ రేపు రాదు. ఆమె తాడు ఆ రోజే కాలిపోయింది. నేను వెళ్తాను. నాన్న చోటు దున్నేశారని చెబుతాను. గిన్నె నా దగ్గరే ఉంటుంది."