మూడో పరీక్ష

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. నాది నత్తనడక, ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

నా కోడలు పత్రికలో సైన్సు విలేకరి. పేటంతా తాగే కుళాయి నీళ్లలో సీసం ఉందనీ, నీళ్లు పరీక్షించే ప్రయోగశాలే ఆ సంగతి కప్పిపెట్టిందనీ ఆమె రాసింది ఆదివారం మొదటి పేజీలో పడింది. గుట్టు చెప్పింది అక్కడ పరీక్షలు చేసే నడివయసు మనిషి. అంకెలన్నీ సొంత చేత్తో రాసిచ్చాడు.

"నా పేరు బయటికొస్తే నా పిల్లలు రోడ్డున పడతారమ్మా" అన్నాడు.

"ప్రాణం పోయినా రాదు" అని మాటిచ్చింది.

పేరు రాయలేదు. వయసు రాయలేదు. ఆడో మగో కూడా తెలియనివ్వలేదు. కానీ ఎన్నిసార్లు పరీక్షించారని అడగందే ఆమెకు ముద్ద దిగదు. 'మూడుసార్లు పరీక్షించినా అదే ఫలితం' అని రాసేసింది.

సోమవారం పొద్దున్నే అతని ఫోను.

"ఎంత పని చేశారమ్మా! రిజిస్టరులో ఉన్నవి రెండే. మూడోది నా అనుమానం తీరక సెలవు రోజున నేనొక్కణ్ణే చేసుకున్నాను. ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది."

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడిగారు, నేను చెప్పాను. అచ్చేస్తారనుకోలేదు. మూడోది జరగనే లేదని సంతకం పెడుతున్నాను. మీరే కల్పించారంటాను. తిట్టుకోకండి."

వార్త అబద్ధం, క్షమాపణ వేయాలని ప్రయోగశాల వాళ్లు నోటీసు పంపారు; మధ్యాహ్నం ఎడిటరు పిలిచాడు.

"ఇరవై ఏళ్లలో నీ రాతకు ఒక్క దిద్దుబాటు వేయలేదు. ఆ అంకెల కాగితం తే, వాళ్ల నోరు మూయిస్తాను."

"అతని చేతిరాత సార్."

"పోనీ, తిరగరాసి ఇవ్వు."

"అప్పుడది నా చేతిరాత అవుతుంది."

"అయితే ఆ రెండు పరీక్షలైనా..."

"పొద్దున్నే రిజిస్టరులో ఆ పేజీ మార్చేశారట సార్."

ఎడిటరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు అబద్ధం రాయవని నాకు తెలుసు. యజమానికి తెలియాలిగా! క్షమాపణ వేస్తే నీ ఉద్యోగం ఉండదు. జనం ఆ నీళ్లే తాగుతారు. ఆలోచించుకున్నావా?"

"వేసేయండి" అంది.

ఇంటికొచ్చి ఆ అంకెల కాగితాన్ని పొయ్యి మంటలో పెట్టింది.

"ఏంటే కాలుస్తున్నావు?" అన్నాను.

"నా ఉద్యోగం అత్తయ్యా."

"అయితే గిన్నె దించి కాల్చు, కూరలో మసి పడుతోంది."

ఇద్దరం నవ్వాం. కోడలి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మంగళవారం క్షమాపణ పడింది. వీధి కుళాయి దగ్గర పక్కింటావిడ కూతురి బడి బాటిల్ నింపుతోంది.

"పట్టకు వదినా, ఆ నీళ్లొద్దు" అంది కోడలు.

"చాల్లే సంబడం! నీ పుణ్యమా అని రెండ్రోజులు నీళ్లు కొనుక్కు చచ్చాం. అబద్ధమని మీ పేపరే వేసిందిగా?"

కాదనాలంటే ఒక మనిషి పేరు చెప్పాలి. పిల్ల బాటిలందుకుని అక్కడే గటగటా తాగింది.

— బుజ్జత్త, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు కోడలితో వేరే పేటలో, మెట్ల కింది రెండు గదుల్లో ఉంటున్నాను.