చీమలు తోడిన ఇసుక

గునపం మొన సందులో దూర్చి మేస్త్రీ పలకరాయిని పైకి లేపాడు. కింద ఒక ఊరే ఉంది. పుల్ల పట్టేంత దారులు, వాటి పక్కన బుల్లి గదులు, గదుల నిండా బియ్యపు నూకల్లాంటి తెల్లటి పిల్లలు. వెలుగు పడగానే చీమలు తలో పిల్లను నోట కరుచుకుని లోపలికి పరుగు తీశాయి. ఒక్కటీ వట్టి నోటితో పోలేదు.

ముప్ఫై ఏళ్లుగా అతనిది రాళ్లు పరిచే పని. చీమలు సందుల్లోంచి ఎంత ఇసుక తోడి పోస్తే కింద అంత డొల్ల పడుతుందన్నది అతనికి కొట్టిన పిండి.

నెల కిందట ఈ ఆఫీసు వాకిలి ఊడ్చే అక్కే ముందు చూసింది.

"ఏం మేస్త్రీ, రోజూ ఊడుస్తున్నా ఈ చీమలు రోజూ గుప్పెడు ఇసుక పోస్తున్నాయి. నీకంటే ఇవే నయం, ఆదివారం కూడా పనికొస్తాయి!"

మేస్త్రీ రాయిని సుత్తి పిడితో తట్టాడు. డబ్‌మని డొల్లగా మోగింది. "రేపు చూద్దాంలే అక్కా" అన్నాడు. ఆ రేపు పది రోజులు సాగింది. పదకొండో రోజు రాయి అంచు కుంగి అక్క పడింది. తుంటి విరిగింది. ఆమెను మోసుకెళ్లాక, ఎవరూ చూడకుండా మేస్త్రీ ఆ అంచు కింద ఇసుక కూరి కాలితో తొక్కాడు.

"రాయి బాగానే ఉందా?" అడిగాడు మేనేజరు.

"బాగానే ఉంది సార్. చూసుకోకుండా అడుగేసినట్టుంది."

ఆ మాట మూడు వారాలుగా అతనికి ముద్ద దిగనివ్వలేదు. ఇవాళ రాయి సరిచేసి, సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి అక్క ముందు నోరు విప్పాలనుకున్నాడు.

చీమల గూటిని మట్టితో సహా తాపీతో ఎత్తి, తట్టలో గోడ వారకు మోసుకెళ్లి దించాడు. చీమలు కుడుతున్నా చేయి విదల్చలేదు. గుంట నింపి, దిమ్మిస కొట్టి, రాయి పరిచి తట్టాడు. టక్కుమంది. అప్పటికి మధ్యాహ్నమైంది.

వాచ్‌మన్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "అక్క పోయిందట మేస్త్రీ. పొద్దున్నే. పాపం, చూపు ఆనక పడింది."

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు.

"చూపు బాగానే ఉండేది. చీమల్ని చూసి నాకు చెప్పింది ఆమే. రాయి కింద డొల్లని నాకు ముందే తెలుసు."

"ఇప్పుడెందుకయ్యా అదంతా?"

"మేనేజరు గదిలో ఉన్నాడా?" అంటూ అతను లేచి లోపలికి నడిచాడు.

గోడకు అక్క చీపురు మూడు వారాలుగా అలాగే ఆనించి ఉంది. దాని కింద చీమలు అప్పుడే తోడిన ఇసుక, చిన్న గిన్నె అంచులా గుండ్రంగా.