పైలం

మట్టయ్య పడడం కిష్టమ్మ కళ్లారా చూసింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లోనే పడుకున్నాయి. బడులకు తాళాలు పడ్డాయి. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు పొడుగునా టెంట్లే టెంట్లు. ఊరూరా పని ఆగింది. చౌరస్తా వెనక సందులో మాత్రం ఆగలేదు. అక్కడ ఐదంతస్తుల బిల్డింగు కడుతున్న కాంట్రాక్టరు రామమోహనరావు గేటుకు బయట తాళం వేయించి లోపల ఇరవై మందితో పని చేయిస్తున్నాడు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి, మెడలో ఉద్యమ కండువా సర్దుకుంటూ మెల్లగా చెప్పాడు.

"సప్పుడు చెయ్యొద్దు. గట్టిగ దగ్గొద్దు. బయట ఎవలన్న పోతుంటే కిందికి ఒంగున్రి. బంద్ నాడు పని చేయిస్తున్ననని తెలిస్తే నా ఇజ్జత్ పోతది."

ఆ కండువా ఉత్త కండువా కాదు. చౌరస్తా టెంటుకు పులిహోర పొట్లాలూ నీళ్ల డబ్బాలూ పంపేది ఆయనే. మైకులో ఆయన పేరు రోజుకు రెండుసార్లు మోగేది. ముందు జెండా, వెనక దందా.

పదకొండింటికి సందు మొగదల డప్పులు వినిపించాయి. విద్యార్థుల ఊరేగింపు. మూడో అంతస్తులో సిమెంటు మాలు తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ కిష్టమ్మకే ముందు కనిపించింది. మాట దానంతటదే జారింది.

"పైలం!"

పైలమంటే జాగ్రత్త. నల్లగొండ పల్లెల్లో బిడ్డ తొవ్వ పట్టుకుంటే తల్లి అనే మాట. ఎంత తియ్యటి మాట! కానీ ఎల్బీనగర్‌లో పొద్దున్నే కూలీలు పనికోసం నిలబడే అడ్డా మీదికి వచ్చేసరికి ఆ మాట విరిగిపోయింది. పోలీసు జీపు వస్తే పైలం. మేస్త్రీ తాగి వస్తే పైలం. ఆ మాట చెవిన పడిందా, ఉరకాలి, లేకుంటే దాక్కోవాలి. ఎందుకని ఎవరూ అడగరు. ఇరవై ఏళ్లుగా కిష్టమ్మ కాళ్లకు తెలిసిన చదువు అదొక్కటే.

మట్టయ్య బయటిపక్క పరంజా మీద నిలబడి గోడకు పూత వేస్తున్నాడు. మాట వినగానే కర్ర మీద ఒదిగి కూర్చోబోయాడు. కాలి కింద కర్ర ఫట్టుమంది.

పడేటప్పుడు అరవలేదు మట్టయ్య. సప్పుడు చెయ్యొద్దన్నారు కదా.

కింద కాంపౌండులో కంకర కుప్ప మీద పడ్డాడు. కిష్టమ్మ తట్ట పారేసి మెట్ల మీద పడుతూ లేస్తూ దిగింది. అడుగు దూరంలో మేస్త్రీ లచ్చయ్య అడ్డం నిలబడ్డాడు. "ఏడికే? ఊరేగింపు పోనియ్యి. గప్పటిదాంక ఎవలు కదలొద్దు."

పావుగంట పట్టింది ఊరేగింపు పోవడానికి. ఆ పావుగంటా మట్టయ్య ఊపిరి తీస్తూనే ఉన్నాడు. గేటు అవతల డప్పులు. ఇవతల ఇరవై మంది, కొయ్యబారిపోయి. తర్వాత ఊపిరి ఆగింది. అప్పుడు వెనక గేటు తీసి, ట్రాలీ ఆటోలో వేసి, పొద్దున లాఠీచార్జిలో రాళ్లు పడ్డచోట మెయిన్ రోడ్డు మీద పడుకోబెట్టి వచ్చారు.

మరునాడు తెలిసింది. ఉద్యమకారులు విసిరిన రాయి తగిలి కూలీ చచ్చాడట. రాయి విసిరింది శ్రీనివాసట. హత్య కేసట.

శ్రీనివాస్ ఎవరో పరాయివాడు కాదు. కిష్టమ్మ ఊరివాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో ముగ్గురితో ఒక రూములో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. ఆదివారం అడ్డా మీదికి వచ్చి పేపరు చదివి వినిపించేవాడు. "అత్తా, మనకు తెలంగాణొస్తే సాలదు. వచ్చిన తెలంగాణల నీ తట్ట ఎవలు దించాలె, అది సూడాలె" అని ఒక్కటే పోరు. "నువ్వు ముందుగాల నౌకరి సూస్కో, నా తట్ట సంగతి నేను సూస్కుంట" అని నవ్వేది కిష్టమ్మ. ఇప్పుడు వాడు జైల్లో ఉన్నాడు. ఆ కేసు నిలబడితే వాడి బతుకు అక్కడే ఆఖరు. అది అబద్ధమని కళ్లారా చూసి చెప్పగలిగింది కిష్టమ్మే.

కానీ లచ్చయ్య ఆ సాయంత్రమే గుడిసెకు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడప మీద నిలబడ్డాడు.

"పైలమని అరిసిందెవలు కిష్టమ్మా? నువ్వే గద. నీ మాటకే గద వాడు పడ్డది. నువ్వు నోరు తెరిస్తే కేసు ఏడికొస్తది? నీ నెత్తి మీదికే. పైలం మల్ల."

పోతూ పోతూ ఆ మాటే అని పోయాడు.

అదేమన్నా మామూలు భయమా? వాకిట్లో ఎండుకొమ్మ విరిగితే ఫట్టుమన్న కర్రే వినిపించేది. నా నోరే మింగింది మట్టయ్యనని అనుకునేది. రెండు రోజులు పనికి పోలేదు. తలుపు గొళ్లెం పెట్టి, చప్పుడు కాకుండా గొళ్లానికి గుడ్డముక్క కట్టి కూర్చుంది.

మూడోనాడు పొద్దున్నే తలుపు కొట్టింది కోటేశ్వరమ్మ. రేపల్లె అవతలి నుంచి వచ్చిన మనిషి. మొగుడితో కూలికి వచ్చి, మొగుడు పోయాక ఇక్కడే నిలిచిపోయింది. ఆ బిల్డింగులో కిష్టమ్మతోపాటే తట్టలు మోస్తోంది. అడ్డా మీద ఆమెను పొలం కోటమ్మ అంటారు. ఎందుకంటారా? వచ్చిన మొదటినాడే జీపు వచ్చింది. "పైలం, పైలం" అంటూ అందరూ తలో సందులో పడ్డారు. ఆ మాట తెలియని కోటేశ్వరమ్మ టిఫిను గిన్నె పట్టుకుని నడిరోడ్డున నిలబడి, "పొలమా? ఎవరి పొలం? ఎక్కడండీ?" అని అడిగింది. పోలీసాయన లాఠీ నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, ఒక్క మనిషిని తరిమితే ఏమొస్తుందనుకున్నాడో ఏమో, జీపెక్కి పోయాడు. సందుల్లోంచి చూసినవాళ్లు ఏడాదిపాటు నవ్వారు.

"వదినా, గొళ్లెం తియ్యండి" అంది. "మట్టయ్య పడ్డం మీరు చూశారు, నేనూ చూశాను. ఆ కుర్రాడు జైల్లో ఉంటే మనకి అన్నమెట్టా సయిస్తది?"

"నువ్వే చెప్పరాదు కోటమ్మా?"

"చెప్పొచ్చు. నేను చెబితే ఆంధ్రావాళ్ల కుట్రంటారు. మీరు చెబితే ఏమంటారో చూద్దాం."

కిష్టమ్మ గుడ్డముక్క విప్పి గొళ్లెం తీసింది. తర్వాత చీర కొంగు నడుముకు దోపుకుంది.

అడ్డా మీద ఆ పొద్దున పెద్ద లొల్లి. ఠాణాకు పోయి చెబుదామనేసరికి ముసలి జానయ్య మొదలే అడ్డం కొట్టాడు. "మనకెందుకే ఆ లొల్లి? ఆ పోరడు సదువుకున్నోడు, వాళ్లోళ్లు ఉంటరు. మనకెవలున్నరు?"

"రావుసాబు టెంటుకు అన్నం పెడ్తుండు" అన్నాడు ఇంకొకడు. "ఆయన మీద చెప్తే ఉద్యమం మీద చెప్పినట్టే."

"పులిహోర పెట్టి పీనుగును దాచిండు, గదేం ఉద్యమంరా?" వెనక నుంచి ఒక ఆడమనిషి అంటించింది.

కిష్టమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నేనొక మాట చెప్పాలె. పైలమన్నది నేను. నా మాటకే మట్టయ్య ఒంగిండు. నన్నేమన్న అనున్రి. కని రాయి తాకలే. ఆ పిల్లగాడు ఆడ లేడు."

తిడతారనుకుంది. జానయ్య బీడీ కింద పడేశాడు.

"నీ మాట ఎట్ల సంపుతదే పిచ్చిదానా? ఆ కట్టె పుచ్చింది. పడేటందుకు మూడు దినాల ముందుగాల మట్టయ్యే లచ్చయ్యకు జూపెట్టిండు. నేను పక్కకే ఉన్న. 'నడుస్తది తియ్యి' అన్నడు." ఆగి, గొంతు దించాడు. "ఇన్నొద్దులు నేను చెప్పలే. నాకూ భయమే."

"ఇంకొకటి చూడండి" అంది కోటేశ్వరమ్మ. "ఊరేగింపులో వచ్చింది ఎవరు? మీ పిల్లలే. మీ పిల్లల్ని చూసి మీరు దాక్కోవడమేంటి? ఎవరి కోసం దాక్కున్నాం మనం?"

జానయ్యే ముందుగా ఠాణా తొవ్వ పట్టాడు.

ఆ రోజు అరవై మంది ఠాణాకు నడిచారు. ఎస్సై నవ్వాడు. "మూడు దినాలకు యాదికొచ్చిందా? నడువున్రి!" అన్నాడు. కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని బయటికి రాగానే గుంపులో ఎవరో అన్నారు, "పైలం!" అంతే. కిష్టమ్మ కూడా ఉరికింది. సందు మలుపులో ఆగి చూసుకుంటే పక్కన నలుగురు. ఆ సిగ్గుకు అక్కడే కూర్చుని ఏడ్చింది.

రెండోనాడు పదిహేను మందే వచ్చారు. ఎండలో సాయంత్రం దాకా నిలబెట్టి, రేపు రమ్మన్నారు. మోకాళ్లు వాచాయి. మూడోనాడు పొద్దున అడ్డా మీద కిష్టమ్మ అందరినీ దగ్గరికి పిలిచింది.

"ఇన్నేండ్ల సంది ఆ ఒక్క మాటకు ఉరుకుతున్నం. ఆ మాట తెల్వని కోటమ్మ ఒక్కతే ఆనాడు నిలబడ్డది. ఏమైంది? జీపే పోయింది. నాకు భయం పోలే అన్నలారా, అక్కలారా. నా కాళ్లు ఉరుకుతయి. అందుకే చెప్తున్న. ఇయ్యాల్టి సంది పైలమని ఇనవడితే ఉరకొద్దు. కూసోవాలె. ఏడున్నోళ్లు ఆడనే. కూసున్న కాళ్లు ఉరకయి."

"పొలం కోటమ్మ బడిల అందరం పేరు రాసుకుందాం తియ్యి" అన్నాడు జానయ్య. భయంలోనే నవ్వారు.

ఈసారి నూట ఇరవై మంది వెళ్లారు. ఠాణా ముందు కారు ఆగి ఉంది. రామమోహనరావు దిగాడు. కండువా ఇస్త్రీ చేసి ఉంది.

"కిష్టమ్మా, మనం మనం తెలంగాణోళ్లం. ఆ ఆంధ్రామె మాటలు పట్టుకొని ఆగం గాకు. నీకేం కావాల్నో నన్నడుగు."

కిష్టమ్మ ఆ కండువా వైపే చూస్తూ అంది.

"సారూ, మట్టయ్య గూడ తెలంగాణోడే. పావుగంట ఊపిరి తీసిండు. మీరు గేటు తియ్యలే."

ఆయన మొహం మాడింది. ఎస్సై వైపు తిరిగి తల ఊపాడు. వ్యాను వచ్చింది. బూట్లు దిగాయి, లాఠీలు దిగాయి. గుంపుకు సగం ప్రాణం పోయింది. ఎక్కడో ఒక గొంతు పాత అలవాటుకు జారింది, "పైలం!"

మడమలు లేచాయి. కిష్టమ్మవీ లేచాయి. కళ్లు గట్టిగా మూసుకుని, దబ్బున నేల మీద కూలబడింది. పక్కన జానయ్య కూర్చున్నాడు. కోటేశ్వరమ్మ కూర్చుంది. ఆ వెనక వరుస, ఆ వెనక వరుస. లాఠీ భుజం మీద పడింది. మళ్లీ పడింది. ఎవరూ లేవలేదు. చౌరస్తా టెంటులోంచి విద్యార్థులు పరుగెత్తుకొచ్చి, సంగతి విని, పులిహోర తిన్న చేతులు చూసుకుని, వాళ్లూ కూర్చున్నారు.

అంతమంది ముందు ఎస్సైకి రాసుకోక తప్పలేదు. కిష్టమ్మ చెప్పింది. "పైలమన్నది నేనే. ఆ మాటకు ఒంగిండు, పుచ్చిన కట్టె విరిగింది, నా కండ్ల ముందల్నే పడ్డడు. రాయి లేదు, శ్రీనివాసు లేడు." కాగితం మీద వేలిముద్ర పడింది. ఆ వెంటనే ప్రభుత్వ పనికి అడ్డం తగిలారని పదకొండు మందిని లోపల వేశారు, కిష్టమ్మ, జానయ్యతో సహా. కోటేశ్వరమ్మ కూడా వెంట వస్తానంది. ఎస్సై ఆమె మాట తీరు విని, "ఆంధ్రానా? నీకేం సంబంధమమ్మా, పో, పో" అని బయటికి నెట్టించాడు. అది ఆయన చేసిన తప్పు.

తెల్లారి ఎనిమిదింటికి కోర్టుకు తీసుకుపోతున్నారు. వ్యాను చౌరస్తా దగ్గరికి వచ్చింది. అడ్డా నిండుగా ఉంది. మూడు వందల మంది. కిష్టమ్మ వ్యాను కిటికీకి కొట్టిన ఇనుప జాలీకి మొహం ఆనించింది. రామమోహనరావు ట్రాలీ ఆటో వచ్చి నిలబడింది, కూలీలను ఎక్కించుకోవడానికి. లచ్చయ్య దిగి చెయ్యి ఊపుతున్నాడు. "నడువున్రి, ఎక్కున్రి, పొద్దెక్కింది!" వెనకే ఒక జీపు.

ఎవరూ కదలలేదు. ఎక్కుతారా? ఒక్కడు ఎక్కితే అందరూ ఎక్కుతారు. ఒకడు అడుగు ముందుకు వేశాడు కూడా.

డివైడరు మీద టిఫిను గిన్నెతో నిలబడ్డ కోటేశ్వరమ్మ గొంతెత్తింది.

"పైలం!"

ఈసారి తప్పు పలకలేదు.

మూడు వందల మంది ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. చౌరస్తా ఈ మూల నుంచి ఆ మూలకు. ట్రాలీ ఆటో ఖాళీగా గుర్రుగుర్రుమంటోంది. జీపు ఆగింది. కోర్టుకు పోవాల్సిన వ్యానూ ఆగింది, ముందుకు పోదామంటే తొవ్వ లేదు.

డ్రైవరు హారను కొట్టి కొట్టి విసిగిపోయాడు. కానిస్టేబులు చెమట తుడుచుకుంటూ జాలీ దగ్గరికి వచ్చాడు.

"ఏయ్ కిష్టమ్మా, నీ మాట ఇంటరు గద వాళ్లు. చెప్పు. లెవ్వమని చెప్పు, మంచిగుండది లేకుంటే."

కిష్టమ్మకు వాచిన భుజం సలుపుతోంది. జానయ్య వైపు చూసింది. జానయ్య కళ్లు దించుకోలేదు.

జాలీకి నోరు ఆనించి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

"పైలం!"