కాగితం లేని కమ్మలు

సిద్దిపేటలో విశ్వేశ్వర్ నగల దుకాణం తలుపు దగ్గర తుపాకీతో నిలబడే రాజమల్లయ్య రిటైరైన జవాను. ఇరవై ఐదేళ్ల కిందట శాంతిసేనతో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్లివచ్చాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కొనడానికొచ్చిన ప్రమీలాదేవి, కూతురి నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం చూస్తూ, "ఏమన్నా, మంచిగున్నదా?" అని అతన్ని అడిగింది.

"మెరుస్తుందమ్మా. నేను పోయిన దేశంల గీ రాళ్లమ్మి తుపాకులు కొన్నరు. ఊర్లకూర్లు తగలబెట్టిన్రు, చేతులు నరికిన్రు. చేతుల్లేనోళ్లకు నేను అన్నం తినిపించిన. గిప్పుడైతే రాయి ఏడికెల్లి వచ్చిందో కాగితం ఉంటది, అడుగున్రి."

ప్రమీలాదేవి ఉంగరం కింద పెట్టేసింది. "కాగితమేది?"

"హైదరాబాద్‌ల ఉన్నది" అన్నాడు విశ్వేశ్వర్.

"అయితే ఉంగరం గూడ గాడికే పంపున్రి."

ఈ మాట విశ్వేశ్వర్ కంటే ముందే అతని ఇల్లు చేరింది. భార్య స్వరాజ్యలక్ష్మి, పెళ్లిరోజుకు అతను పెట్టిన వజ్రాల కమ్మలు తీసి అతని కంచంలో వేసింది.

"వీటికి కాగితమేది? ఎవల నెత్తురో నా చెవులకొద్దు. గా కాగితం తెచ్చినంకనే అన్నం."

ఆ కమ్మలకు నెత్తురు చుక్క అంటలేదని విశ్వేశ్వర్‌కు తెలుసు. అవి అసలు వజ్రాలే కావు, అమెరికన్ డైమండ్లు. మూడు రోజులు హోటల్లో ఇడ్లీ తిని, నాలుగోనాడు రాజమల్లయ్యకు చాయ్ తెప్పించాడు.

"నువ్వు పోయిన దేశంల లడాయి ఎట్ల ఆగిందే?"

"ముందుగాల తుపాకులు కింద పెట్టిన్రు సేటూ. తర్వాత చేసిన తప్పు నలుగుర్ల నిలబడి ఒప్పుకున్నరు. కొందరు మన్నించిన్రు, కొందరు ఇంకా మన్నియ్యలే."

"చాటుకు చెప్తే నడ్వదా?"

"నడ్వది సేటూ."

విశ్వేశ్వర్ భార్యను దుకాణానికి పిలిపించి, కమ్మలు ఆమె చేతిలో పెట్టి, పనివాళ్ల ముందు, కొనేవాళ్ల ముందు నిజం చెప్పేశాడు. రాజమల్లయ్య నవ్వాపుకోలేక రోడ్డు వైపు తిరిగాడు.

"ఆరేండ్లు పెండ్లిళ్లల్ల తల తిప్పి తిప్పి చూపిచ్చుకున్న గదయ్యా!" అంది స్వరాజ్యలక్ష్మి. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కమ్మలు మళ్లీ పెట్టుకుంది. "పోనీ, ఎవల చెయ్యి తెగలే."

తర్వాత గల్లా వెనక అతని కుర్చీలో కూర్చుంది. "కాగితం లేని రాయి ఒక్కటి గూడ గీడ ఉండొద్దు. తియ్యున్రి."

సాయంత్రానికి వజ్రాల అద్దాలపెట్టె సగం ఖాళీ అయింది. ఆ రాత్రి విశ్వేశ్వర్‌కు ఇంట్లో అన్నం దొరికింది. కూర రావడానికి ఇంకో వారం పట్టింది.