టీ పోసే పాత్ర

ఆదివారం పొద్దున హెట్టీ మొగుడి నాటకం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. బల్ల మీద తెరిచి పెట్టిన నాటకంలోంచి ప్రేయసి మాటలు, మామగారి మాటలు, పోలీసు మాటలు అన్నీ తనే చదువుతోంది. క్లిఫర్డ్ కాళ్లు చాపుకుని కూర్చుని తన మాటలు మాత్రం అప్పజెబుతున్నాడు.

ఇంగ్లండులోని మోర్‌కాంబ్ ఊళ్లో సముద్రపుటొడ్డున వాళ్ల థియేటర్‌లో వారానికో కొత్త నాటకం. క్లిఫర్డ్ హీరో. హెట్టీ పనిమనిషి. టీ తాగనిదే ఏ నాటకంలోనూ రెండో అంకం కదలదు గనక ట్రే మోసే పాత్ర ఆమెకు ఖాయం. "ఇంట్లో మోసే ట్రే మోయడానికి అంత దూరం పోవాలా తల్లీ?" అంటుంది అత్తగారు, కోడలు పెట్టిన టీ తాగుతూ.

ఆవిడకు తెలియనిదొకటుంది. క్లిఫర్డ్ స్టేజీ మీద మాటలు మరిచిపోతాడు. హెట్టీ కప్పులో టీ పోస్తూ, వంగి, పెదవి కదలకుండా మాట అందిస్తుంది. ఆ ఆగిపోవడాన్నే ఊరి పేపరువాడు 'లోతైన మౌనం' అని మెచ్చుకున్నాడు. క్లిఫర్డ్ ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు. హెట్టీ రోజూ ఆ అద్దం తుడుస్తుంది.

ఆ వారం మధ్యలో హీరోయిన్ లండన్ వెళ్లిపోతున్నానని చెప్పేసింది. దర్శకుడు లోమాక్స్ హెట్టీ వైపు తిరిగి, "వచ్చే నాటకంలో ఇంటి యజమానురాలి వేషం వేస్తావా?" అనడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా క్లిఫర్డ్ నవ్వేశాడు. "దానికి అన్ని మాటలు ఎక్కడ గుర్తుంటాయి సార్? నాలుగు ముక్కలకే నానా తంటాలు పడుతుంది."

హెట్టీకి ఒళ్లు మండిపోయింది. అతని ప్రతి మాటా తన నోట్లోంచి వెళ్లిందే. ఆ వేషం తనకు కావాలి. ఎంతగానో కావాలి.

శనివారం ఆఖరి ఆట. రెండో అంకంలో క్లిఫర్డ్ ఆగిపోయాడు. అలవాటుగా కప్పు ముందుకు జరిపాడు. హెట్టీ టీ పోసింది. వంగలేదు. కెటిల్ కింద పెట్టి, నిటారుగా నిలబడి, హాలు వైపు తిరిగింది.

"అయ్యగారు చెప్పబోయేది నేను చెబుతాను," అంది. ఆ పొడుగాటి సంభాషణంతా చివరి మాట దాకా, ఒక్క ముక్క తడబడకుండా చెప్పింది. ముందు నవ్వారు జనం. తర్వాత ముందుకు వంగి విన్నారు. ఆ తర్వాత కొట్టిన చప్పట్లు ఆమెకు మొదటిసారి తనవనిపించాయి. తెర పడ్డాక లోమాక్స్ కొత్త నాటకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ట్రే ఇంకెవరైనా మోస్తారులే," అన్నాడు.

మర్నాడు అత్తగారు మొహం ముడుచుకుంది. "మొగుడి నోట్లో మాట లాక్కునేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

"నా పరువు తీశావు," అన్నాడు క్లిఫర్డ్.

"ఇన్నాళ్లూ గుసగుసలాడి నిలబెట్టాను, నిన్న గొంతెత్తి నిలబెట్టాను. అంతే తేడా," అంది హెట్టీ. ఇస్త్రీపెట్టె అతని ముందుకు జరిపి, పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి, కుర్చీలో కాళ్లు చాపుకుంది.

"చొక్కా నీదేగా, కానివ్వు. మిగతా అందరి మాటలూ నువ్వు చదువు. నావి నేను చెబుతాను."