ఉంగరం చప్పుడు

సోమవారమైతే ఆ ఊళ్లో ఎర్ర బీన్సే వండాలి కాబట్టి ముందురోజే నానబోసి ఉంచింది. ఒడెస్సా వాటిని పొయ్యి మీదికెక్కించి, ఉల్లిపాయలు, మాంసపు ఎముక వేసి, మంట తగ్గించి, సింకు దగ్గర నిలబడింది. మొగుడు అర్సెన్ ట్రంపెట్‌కి పెదవులానించే కొస ఊడదీసి గోరువెచ్చటి నీళ్లలో కడుగుతోంది. అది చేతిలోంచి జారి సింకులో ఖంగుమంది.

"వంటగిన్నె కాదే అది! ఎన్నేళ్లొచ్చినా నీకు తేడా తెలీదు కదా," ముందు గదిలోంచి అరిచాడు అర్సెన్.

తేడా తెలుసు. వంటగిన్నె జారిపడితే గుండె ఇలా కొట్టుకోదు. ఇవాళ రికార్డింగు. పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసింది, పెదవులు తుడుచుకునే తెల్ల రుమాలు మడిచింది, ఆయన కాఫీలో పాలు వేడిచేసి కలిపింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ లోపల ఒకటే దడ. ఇవాళ పాట మధ్యలో ఆయన ఆగిపోతే? ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టలేకపోతే? అందరి ముందూ ఆ ఖాళీ మొహం పెట్టుకుని నిలబడితే?

న్యూ ఆర్లీన్స్‌లో అర్సెన్ గిడ్రీ ట్రంపెట్ వినని గడప ఉండదు. కానీ పేరు దేశమంతా పాకింది మాత్రం పళ్లు కదిలి, జుట్టు నెరిశాక, పోయినేడు వచ్చిన రికార్డుతో. దాన్ని న్యూయార్క్ నుంచి వచ్చిన హాల్‌స్టెడ్ అనే ఆయన ఈ ఇంట్లోనే, ఈ ముందు గదిలోనే టేపు మీద పట్టాడు. వీధిలో ఐస్ బండి గంట కూడా అందులో వినిపిస్తుంది. పత్రికలు ఆకాశానికెత్తేశాయి. అర్సెన్ పాట మధ్యలో ఆగుతాడట, ఆ ఆగడంలో ఒక జీవితం వినపడుతుందట. కుర్రతనంలో ఊపిరి తిరగకుండా వాయించినవాడు ముసలితనంలో మౌనాన్ని వాయించడం నేర్చుకున్నాడట. హాల్‌స్టెడ్ ఫోన్‌లో అదంతా చదివి వినిపిస్తుంటే ఒడెస్సాకి నవ్వొచ్చింది.

ఎందుకంటే ఆ మౌనం మౌనం కాదు. అర్సెన్ పాట మర్చిపోతున్నాడు. ఎక్కడున్నాడో తెలీక ఆగిపోతాడు. పక్కన కుర్చీలో కూర్చున్న ఒడెస్సా పెళ్లి ఉంగరంతో కుర్చీ చేతి మీద తడుతుంది. ఒకసారి తడితే మధ్య భాగానికి వెళ్లాలని, రెండుసార్లు తడితే మళ్లీ మొదటికి రమ్మని. అప్పుడు ట్రంపెట్ పైకి లేస్తుంది. లేచేలోపు ఉండే ఆ కాస్త వ్యవధిలో ఒడెస్సా ప్రాణం పోయి వస్తుంది. దేశమంతా చెవి ఒగ్గి వింటున్నది దాన్నే.

ఇదంతా బ్యాండులో బాజా వాయించే ఫెలిక్స్ చనిపోయినప్పుడు మొదలైంది. వీళ్లలో వాద్యగాడు పోతే బ్యాండు వెంట నడుస్తుంది. శవపేటికని బండిలోంచి దించి, పూడ్చి, సెలవు తీసుకునేదాకా నెమ్మదిగా, ఏడుపు పాటలే వాయించాలి. ఆ తర్వాతే హుషారు పాట అందుకోవాలి, వెనక జనం గొడుగులు తిప్పుతూ చిందెయ్యాలి. చిన్నపిల్లలకి కూడా తెలిసిన పద్ధతి. అలాంటిది, ఫెలిక్స్ పెట్టె ఇంకా బండిలోనే ఉండగా, అతని పెళ్లాం నల్ల ముసుగులో కుమిలిపోతుండగా, అర్సెన్ ట్రంపెట్ ఎత్తి చిందు పాట అందుకున్నాడు. డ్రమ్ము వాయించే పర్సీ గబగబా పెద్ద దరువు వేసి దాన్ని మింగేశాడు. ఆ విధవరాలు మాత్రం ముసుగు తీసి అర్సెన్‌ని చూసిన చూపు ఒడెస్సా ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంటికొచ్చాక అర్సెన్ టోపీ గోడకేసి కొట్టాడు. "నువ్వెక్కడ చచ్చావ్? ఆడంగులతో కబుర్లు చెప్పుకుంటూ వెనక పడ్డావు కదూ! నా పక్కన నడిచుంటే ఇలా అయ్యేదా?"

ఆ రోజు నుంచి పక్కనే నడిచింది. పక్కనే కూర్చుంది. ఏ పాటలో ఎక్కడ ఆయన తప్పిపోతాడో కనిపెట్టుకుని కూర్చోవడం పనైపోయింది. ఎవరూ చెయ్యమనని పని, ఎవరూ మెచ్చుకోని పని. ఇద్దరి మధ్యా దాని గురించి ఒక్క మాట లేదు. నాకు మరుపొస్తోంది అని ఆయన అనలేదు. నీకు మరుపొస్తోంది అని ఈమె అనలేదు. అంటే ఏమవుతుందోనని భయం. ఆయన చెయ్యి ఎత్తుతాడని కాదు, ఎత్తే రోజులు దాటిపోయాయి. అన్న మాట నిజమైపోతుందని భయం. మొన్నొక పొద్దున కాఫీ ఇస్తే "థాంక్యూ అమ్మా" అన్నాడు, వాళ్లమ్మని పిలిచినట్టు. తర్వాత నవ్వేశాడు. ఒడెస్సాకి నవ్వు రాలేదు. పాటలన్నీ అయిపోయాక మర్చిపోవడానికి ఇంకేం మిగులుతుంది? నేనే కదా, అనుకుంది.

ఈ పాటలన్నీ ఒడెస్సాకి ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. చర్చిలో పియానో వాయించిన పిల్ల, పెళ్లికి ముందు అర్సెన్ బ్యాండులో పియానో దగ్గర కూర్చున్న పిల్ల. అప్పట్లో పాటలో ఆయన ఎటు మళ్లితే అటు మళ్లేది. ఒక్కోసారి ఈమె ముందే మళ్లితే ఆయనే వెంట వచ్చేవాడు. పెళ్లైంది. "ఒకే ఇంట్లో ఇద్దరూ వాయిస్తూ కూర్చుంటే సోమవారం బీన్స్ ఎవరు ఉడకబెడతారే?" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది, అదీ పాపం. ఆడపడుచు క్లోటిల్డ్ పియానో మీద లేసు గుడ్డ కప్పి, "ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది వదినా" అంది. ఆ గుడ్డ మీద పిల్లల బట్టలు, ఇస్త్రీకి మడిచిన చొక్కాలు చేరాయి. ఇప్పటికీ చేరుతూనే ఉన్నాయి.

స్టూడియోకి చేరేసరికి పర్సీ, బాస్ అనే పెద్ద ఫిడేలు వాయించే ఆయన, న్యూయార్క్ నుంచి దిగిన కొత్త పియానో ఆయన సిద్ధంగా ఉన్నారు. ఒడెస్సా తన కుర్చీ అర్సెన్ కుడిపక్కకి లాక్కుని కూర్చుంది. రికార్డింగు మొదలైందని ఎర్ర దీపం వెలిగింది. నెమ్మదైన పాట. మొదటి భాగం వెన్నలా సాగింది. తర్వాత ఆ దారి తప్పిన చూపు వచ్చింది ఆయన కళ్లలో. ఒడెస్సా ఉంగరంతో తట్టింది. టక్. ట్రంపెట్ లేచింది.

అద్దం వెనక హాల్‌స్టెడ్ తన గదిలోంచి చెయ్యెత్తి ఆపేశాడు. "సారీ అర్సెన్, ఏదో చప్పుడొస్తోంది. టక్‌మని. ఈ కొత్త మైకులు ఈగ వాలినా పట్టేస్తాయి."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ టక్. హాల్‌స్టెడ్ లోపలికొచ్చి, చుట్టూ చూసి, చివరికి ఒడెస్సా చేతి దగ్గర ఆగాడు. "మీ ఉంగరమేనమ్మా! ఏమీ అనుకోకండి, కాస్త నా గదిలో కూర్చుంటారా?"

ఒడెస్సా అర్సెన్ వంక చూసింది. వద్దను. ఒక్కసారి వద్దను. ఈమె ఇక్కడుండాలి అను చాలు, అనుకుంది.

అర్సెన్ నవ్వాడు. "మా ఆవిడకి నేను కంటపడకపోతే నిమిషం తోచదు సార్. తోకలా వెంటే! పో ఒడెస్సా, పో. పాట నాశనం చేస్తున్నావు. వెళ్లి కాఫీ తాగు."

అందరూ నవ్వారు, పర్సీ తప్ప. పర్సీ డ్రమ్ము వంక చూస్తూ ఉండిపోయాడు. ఒడెస్సా లేచి బయటికి నడిచింది.

అద్దం వెనక హాల్‌స్టెడ్ పక్కన నిలబడితే పాట స్పీకర్లోంచి వస్తోంది. టేపు తిరుగుతోంది. మొదటి భాగం అయింది. అర్సెన్ ట్రంపెట్ దించాడు.

"వినండి, వినండి," గుసగుసగా అన్నాడు హాల్‌స్టెడ్. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఇదిగో, ఆయన మౌనం."

లోపల అర్సెన్ రైలు తప్పిపోయినవాడిలా గోడ వంక చూస్తున్నాడు. పియానో ఆయన మర్యాదగా ఆ ముక్కే మళ్లీ మళ్లీ వాయిస్తూ ఎదురుచూస్తున్నాడు. అర్సెన్ తల కుడివైపు తిరిగింది, ఖాళీ కుర్చీ వైపు. తిరిగి అక్కడే ఆగిపోయింది. ఇలాగే వదిలేస్తే? నేనేం చేశాను, పొమ్మంది ఆయనే కదా. ఇంకొక్క నిమిషం ఆగితే అందరికీ తెలిసిపోతుంది. నేను మోసినదంతా కింద పడిపోతుంది, ఇక ఎవరూ పిలవరు, ఈ దడ ఉండదు. కానీ అప్పుడు ఆ ఇంట్లో ఆయనా నేనూ, లేసు గుడ్డ కప్పిన పియానో. చచ్చేదాకా అంతే. అమ్మో! ఆయన పరువు పోతుందన్న భయం కంటే ఆ ఇంటి భయమే పెద్దదని ఒడెస్సాకి అప్పుడు తెలిసింది. తెలిసి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒళ్లు మండింది. ఆయన మౌనమట! అది నా మౌనం. కుర్చీలో కూర్చుని ఇన్నాళ్లూ గుండె అరచేతిలో పెట్టుకుని పట్టుకున్నది నేను.

తలుపు తోసింది.

"అమ్మా, టేపు తిరుగుతోంది!" హాల్‌స్టెడ్ అరిచాడు.

"తిరగనివ్వండి."

పియానో దగ్గరికెళ్లి, "లే నాయనా," అంది. అతను పర్సీ వంక చూశాడు. పర్సీ చేతిలో దరువు ఆపకుండానే తలూపాడు. అతను లేచాడు. ఒడెస్సా కూర్చుంది. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మొదట నొక్కిన మీట తప్పు పడింది, ఉంగరం తగిలి టక్‌మంది కూడా. పడనీ అనుకుంది. రెండోది పడాల్సిన చోటే పడింది. మధ్య భాగంలోకి దారి నెమ్మదిగా తెరిచింది, చీకట్లో మెట్లు దిగేవాడికి చెయ్యి అందించినట్టు.

అర్సెన్ తల తిప్పాడు. చాలాసేపు విన్నాడు. ట్రంపెట్ పైకి లేచింది.

ఈమె ఎటు మళ్లితే అటు వచ్చాడు. ఈమె ఆగితే ఆగాడు. ఈమె కావాలని ఒకచోట, ఎవరూ మళ్లని చోట, పక్కకి మళ్లింది. అక్కడికీ వచ్చాడు. పాట అయిపోయేసరికి ఒడెస్సా వీపంతా చెమట. హాల్‌స్టెడ్ నోరు తెరుచుకుని అద్దం వెనకే నిలబడిపోయాడు.

అర్సెన్ ట్రంపెట్ కుర్చీలో పెట్టి, ఈమె మడిచి ఇచ్చిన రుమాలుతో పెదవులు తుడుచుకుని, పియానో దగ్గరికొచ్చాడు. ఇప్పుడు తిడతాడు అనుకుంది ఒడెస్సా. తిట్టినా ఫరవాలేదు అనుకుంది. ఆయన టోపీ తీశాడు.

"చాలా బాగా వాయించారమ్మా," అన్నాడు మర్యాదగా. "ఇంత చక్కగా నాతో వాయించినవాళ్లు లేరు. ఎక్కడ నేర్చుకున్నారు?"

పర్సీ డ్రమ్ము పుల్లలు కింద పెట్టేశాడు. ఒడెస్సా ఆయన కళ్లలోకి చూసింది. వేళాకోళం లేదు. ఆ కళ్లలో తను లేదు. ఇన్నాళ్లూ రాత్రుళ్లు కలలోకొచ్చి గొంతు నులిమిన భయం ఇలా, టోపీ చేత్తో పట్టుకుని, పెద్దమనిషిలా వచ్చి నిలబడింది. చేతులు మీటల మీంచి తియ్యలేదు.

"చర్చిలోనండీ," అంది.

"పెళ్లయిందా?"

"అయింది."

అర్సెన్ దిగులుగా తలూపాడు. "అయ్యో. మరి మీ ఆయన వాయించనిస్తారా?"

"ఆయన్ని అడగడం ఇవాళే మానేశానండీ," అంది ఒడెస్సా.