అలసిపోని బ్రేకులు

నెలకో ఆదివారం పొద్దున టిఫిన్లు కాగానే పద్మావతమ్మ వెనక వసారాలో స్టీలు బేసిన్ పెట్టి నిండా పలచటి మజ్జిగ పోస్తుంది. కోడలు శ్రీదివ్య పీట వాల్చుకుని రెండు చేతులూ అందులో ముంచి కూర్చుంటుంది. చెన్నై అవతల రేసు ట్రాకులో ఆమె మొగుడు ప్రసన్నకుమార్ కారెక్కే వేళ అది.

తిన్నటి దారిలో అతను కారునెంత ఉరికించినా ఆమెకేమీ కాదు. మలుపు దగ్గర బ్రేకు తొక్కినప్పుడే అరచేతులు భగ్గుమంటాయి. మజ్జిగ సుయ్‌మని విరిగిపోతుంది. అంత వేగం ఆగాలంటే ఆ వేడి ఎక్కడికో పోవాలి గదా! ఆ ఇంట్లో అది ఆడవాళ్ళ చేతుల్లోకి పోతుంది. మామ రత్తయ్య వయసులో చింతపండు లారీతో ఉదయగిరి అవతలి కనుమ దిగుతుంటే, ఇక్కడ ఆత్మకూరు బజారులో పద్మావతమ్మ అరచేతుల మీద అప్పడాలు కాల్చుకునేవాళ్ళు. గ్యాసు కలిసొచ్చిందని మెచ్చుకునేవాళ్ళు కూడా. ఇప్పుడావిడ అరచేతులు కొత్త కంచంలా నున్నగా ఉంటాయి.

"నీకు మజ్జిగైనా ఉండాది. మా అత్త నాకు కుడితి తొట్టి చూపించినాది" అని కోడలికి ధైర్యం చెప్పేది.

ఒక ఆదివారం ప్రసన్న మొహం వేలాడేసుకుని ఇల్లు చేరాడు.

"ఐదో రౌండుకే బ్రేకులు వదిలేసినాయి నాయనా. తొక్కితే పెడలు మెత్తగా లోపలికి పోతుండాది. కార్బన్ సెరామిక్ బ్రేకులు వేయించాల్సిందే."

తమ్ముడు ఆనందకుమార్ నవ్వాడు. "నెలకో ఆదివారం పొయ్యేదానికి అవెందుకన్నా? ఇనపవి అరిగితే పారేసి కొత్తవి బిగించుకోవచ్చు. ఆ సెరామిక్‌వి ట్రాకు మీద అరిగినాయంటే, మార్చే ఖర్చుకి ఇంకో కారొస్తాది. మంచి ప్యాడ్లు వేసి బ్రేకాయిలు మార్చుకో, చాలు."

"ఒరే, స్కూటీ తోలేవాడివి, నాకు చెప్పబాక! బరువు తక్కువ. ఎర్రగా కాలినా పట్టు తగ్గదు. ఎన్ని రౌండ్లేసినా అవి అలసిపోవు."

దోసె తిప్పుతున్న శ్రీదివ్య చెయ్యి ఆగింది. ఇనుము అలసిపోబట్టే ఇన్నాళ్ళూ తన చేతులకి కాస్త ఊపిరి. బ్రేకులు మెత్తబడ్డాక అతను కారు పక్కన పెట్టి నీడలో కూర్చునే ఆ కాసేపే బేసిన్ చల్లబడేది.

"అవి అలసిపోవు, సరే. నేను?" అంది.

ముగ్గురు మగవాళ్ళూ సాంబారులో ఉప్పు తగ్గినట్టు ఆమె వైపు చూశారు.

"మజ్జిగలో ఐసు వేసుకోవే" అన్నాడు ప్రసన్న, ప్రేమగానే.

బ్రేకుల కోసం ఉదయగిరి కొండ కింది స్థలం అమ్మాలని తేలింది. అది శ్రీదివ్యకి వాళ్ళ అవ్వ నాగులమ్మ రాసిచ్చింది. అందులో పిల్లలకి చిన్న బడి పెట్టుకోవాలని శ్రీదివ్యకి పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. ఆమె ఇవ్వనంటే, "కారు ఆగక నేను పోతే నీకు సమ్మతమా?" అన్నాడు ప్రసన్న. ఆ మాటకి ఏ భార్యయినా బొటనవేలు చాచాల్సిందే.

చాచింది. ఉదయగిరి రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర మిషను ఎర్రలైటు వేసింది. గుమాస్తా యేసురత్నం ఆమె వేలిని వెలుగులో తిప్పి చూశాడు. గీత లేదు.

"బండి తోలే ఆయన ఎవరు? మీరేనా సార్? కొన్నాళ్ళు బ్రేకు తొక్కబాకండి, గీతలు మళ్ళీ మొలుస్తాయి. లారీలున్న ఇళ్ళ ఆడోళ్ళందరికీ ఇదే చెప్తుంటాను."

ప్రసన్న కారు తాళం మేకుకి తగిలించాడు. నాలుగు రోజులకే రత్తయ్యకి బెంగ పట్టుకుంది. "ఊరకే పెడితే బ్యాటరీ దిగిపోతాది. అమ్మాయిని కాస్త తిప్పమనరా." పెళ్ళికి ముందే తీసుకున్న ఆమె లైసెన్సు ఆ ఇంట్లో అడ్రసు ప్రూఫుకి తప్ప ఎప్పుడూ బయటికి రాలేదు.

శ్రీదివ్య ఉదయగిరి దాటి కనుమెక్కింది. పైన గాలి కూడా కదలడం లేదు. దిగుడు మొదలైంది. మొదటి మలుపులో పళ్ళు బిగించి బ్రేకు తొక్కింది. చేతుల్లో స్టీరింగు కుండలా చల్లగా ఉంది. రెండో మలుపులో ఇంకా గట్టిగా తొక్కింది. ఇంకా చల్లబడింది.

ఫోను మోగింది. అత్త. వెనకాల సుయ్‌మని చప్పుడు, ఎవరిదో మూలుగు.

"యాడుండావమ్మా?"

"కనుమ దిగుతున్నాను అత్తా."

"అనుకున్నాలే. మన కొట్లో ప్రసన్న ఎండుమిరపకాయలు తూస్తా కేకేసినాడు. కాయలు చేతిలోనే వేగిపోయినాయి. ఆ ఘాటుకి గిరాకీ అంతా దగ్గుకుంటా పారిపోయినారు. మజ్జిగలో పెట్టించినాను."

శ్రీదివ్య కాలు వెనక్కి తీసింది. కారు లోయ వైపు జారింది. మళ్ళీ తొక్కింది. ఫోనులో కేక వినిపించింది.

"పోనీ, ఎక్కడైనా ఆపేసేదా అత్తా?"

పద్మావతమ్మ బేసిన్లో ఇంకో చెంబు మజ్జిగ పోసింది. ఫోనులో అది ఉడికే చప్పుడు వినిపించింది.

"లోయ ఉండాది, సరిగ్గా తొక్కు. వాడికి అలవాటవుతాదిలే. మాకు కాలేదా?"

ఆ తర్వాత ఆమె రోజూ కనుమకి వెళ్ళింది. దారిలో ఉండగా ఆపమనడానికి ప్రసన్నకి నోరు రాలేదు. ఆపాలంటే బ్రేకు తొక్కాలి. ఇంట్లో ఉండగా తాళం దాచడానికి చేతులు రాలేదు.

గీతలు మొలిచాయి. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళారు. మిషను మళ్ళీ ఎర్రలైటే వేసింది.

"గీతలుండాయి గానీ, పాతవాటితో కలవడం లేదే!" యేసురత్నం ఆమె బొటనవేలిని కిటికీ దగ్గర పెట్టి చూశాడు. అందరి వేళ్ళ మీద ఉండే గుండ్రటి సుడి లేదు. కింది నుంచి ఒక దారి లేచి, వంపు తిరిగి, వెనక్కి మళ్ళి, మెలికలు మెలికలుగా పైకెక్కి దిగుతోంది. అతను ఆ కనుమ దారిన బస్సులో తిరిగినవాడే. అన్ని మలుపులూ గుర్తుపట్టాడు.

"ఈ స్థలం అమ్మాల్సిన ఆవిడ ఈవిడ కాదు సార్" అని కాగితాలు వెనక్కిచ్చి, వెనకున్నవాళ్ళని పిలిచాడు.

బయట ప్రసన్న రెండు చేతులూ తడి తువ్వాలులో చుట్టుకుని నిలబడ్డాడు.

"ఇనప బ్రేకులే చాల్లే దివ్యా. కాసేపటికి అలసిపోతాయి" అన్నాడు.

శ్రీదివ్య అతని చొక్కా జేబులోంచి తాళం తీసుకుంది. ఆత్మకూరు రోడ్డు ఒక పక్క, కనుమ రోడ్డు ఇంకో పక్క. ఆమె కారుని కనుమ వైపు తిప్పింది. పక్క సీట్లో ప్రసన్న నీళ్ళ సీసా మూతని పళ్ళతో తిప్పి, ఒళ్ళోని తువ్వాలు మీద వంపుకున్నాడు.